గుర్తు చెప్పకూడదు

నేను ఏం ఉద్యోగం చేశానో అరసవల్లిలో మా వీధివాళ్లకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పాలిటెక్నిక్‌లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్ చూసుకున్నంత కాలం "కాలేజీ మేడమ్" అన్నారు. తర్వాత అక్కడ ముందుగానే రిటైరై, విజయనగరంలో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాక మాట మారింది. "ఈ వయసులో రోజూ బస్సెక్కి ఎల్లి గేములాడొస్తందట" అని చెప్పుకున్నారు. ఎదురింటి వరలక్ష్మి అయితే మొహం మీదే అడిగేసింది. "ఏటమ్మా, ఆడితే జీతమిస్తారేటి? మా ఇంట్లో అందరూ ఊరకే ఆడతన్నారు, ఆళ్లనీ తీసుకుపో."

నిజానికి నాకు గేములు ఆడడం చేతకాదు. మొదటి మలుపులోనే నా కారు గోడకి గుద్దుకుంటుంది. నా పని గేము పొట్ట విప్పి చూడడం. గేము నడుస్తున్నప్పుడు కంప్యూటర్ మెమరీలో ఏ అంకె ఎక్కడ కూర్చుందో కనిపెట్టాలి. దొంగాట ఆడేవాళ్లు దాన్ని మార్చగలరేమో వాళ్లకంటే ముందు మనమే మార్చి చూడాలి. సోర్స్ కోడ్ చేతిలో లేని ప్రోగ్రాము లోపల ఏం చేస్తోందో బయటనుంచి తెలుసుకోవాలి. ఈ చివరిదాన్నే రివర్స్ ఇంజనీరింగ్ అంటారు. ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏ టూల్ నేర్చుకోమంటారు మేడమ్ అని అడుగుతుంటారు. టూల్ ఎవరైనా వారం రోజుల్లో నేర్పేస్తారు. నేను తప్పులు చేసి నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను.

అద్దంలో బొట్టు

కంపెనీ కోట దగ్గర ఒక బట్టల షాపు పైన రెండో అంతస్తులో ఉండేది. పదకొండు మందిమి. యజమాని రమణ ఒకప్పుడు నా స్టూడెంటే. ల్యాబ్‌లో వైర్లు తిరగేసి పెట్టి ఒక మైక్రోప్రాసెసర్ కిట్టు కాల్చేసి, రెండు రోజులు నాకు కనబడకుండా తిరిగిన ఘనుడు. అదే రమణ కంపెనీ పెట్టాక మా ఇంటికి వచ్చి, "మీరైతే బైట్లు చేత్తో రాసినోరు మేడమ్. ఇప్పటి పిల్లలకి స్క్రీన్ కిందేముందో తెలీదు, మీరు రావాల్సిందే" అన్నాడు. పొగడ్తకి పడిపోయాను. ఆ మాటలో కొంత నిజం కూడా ఉంది. మా రోజుల్లో చిన్న కిట్టు మీద ఒక్కో అంకె నొక్కుతూ ప్రోగ్రాము ఎక్కించేవాళ్లం. 3E అనే కోడ్ ఏం చేస్తుందో, 76 అంటే ఎక్కడ ఆగుతుందో నిద్రలో లేపినా చెప్పేదాన్ని.

ఆ గర్వం మొదటి నెలలోనే దిగింది. మెమరీ స్కానర్ అని ఒక టూల్ ఉంటుంది. గేములో మీ దగ్గర వంద నాణేలున్నాయనుకోండి. వంద అని కొట్టి వెతికితే, మెమరీలో వంద ఉన్న చోట్లన్నీ, వేలకు వేలు, చూపిస్తుంది. ఒక నాణెం ఖర్చుపెట్టి, ఇప్పుడు తొంభై తొమ్మిది అయినవి మాత్రమే చూపించమంటే పదో పాతికో మిగులుతాయి. ఇంకోసారి చేస్తే ఒకటో రెండో. సంతలో బేరం ఆడినట్టు తగ్గించుకుంటూ రావడమే. నేను అలా ఆ అంకె మెమరీలో కూర్చున్న అడ్రస్ పట్టుకుని, అందులో తొమ్మిది వేలు రాసి, స్క్రీన్ మీద తొమ్మిది వేలు కనబడగానే రమణని పిలిచి గొప్పగా చూపించాను. రమణ గేములో కొట్టుకి వెళ్లి ఒక కత్తి కొనబోయాడు. "మీ దగ్గర సరిపడా నాణేలు లేవు" అంది గేము.

నేను మార్చింది స్క్రీన్ మీద చూపించడానికి పెట్టుకున్న నకలు. అసలు అంకె ఇంకెక్కడో హాయిగా ఉంది. అద్దంలో బొమ్మకి బొట్టు పెట్టి పిల్లకి పెట్టాననుకున్నాను. రమణ నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగే వంకతో బయటికి పోయాడు. పిల్లలూ, కనబడిన అంకెని అసలుదని నమ్మకండి. అది మారితే ఆటలో ఏమైనా మారిందా అని అడగండి. ఈ పాఠం నేను చాలామందికి చెప్పాను. చెప్పినంత తేలిగ్గా నాకే ఒంటబట్టలేదు, అది కూడా చూస్తారు.

ఇంకొక్క మాట. ఈ టూల్స్ మన గేము మీద, మనకి అనుమతి ఉన్నవాటి మీద వాడాలి. పదిమంది కలిసి ఆడే చోట దొంగాటకి వాడేవాళ్లని నేను తెలివైనవాళ్లని అనను. తాళం తీయడం వచ్చినవాడల్లా తాళాలవాడు కాడు.

నూకరత్నం

తర్వాత రెండు మూడేళ్లకి మేము "గంగ వేట" అనే గేము మొదలుపెట్టాం. పడవేసుకుని సముద్రంలోకి వెళ్లడం, చేపల గుంపు ఎక్కడుందో ఊహించి వల వేయడం, పది నిమిషాల్లో ఎన్ని గంపలు నిండాయో అదే స్కోరు. ఆట నడిపించే ఇంజిన్ బయట కంపెనీ దగ్గర తీసుకున్నాం. దాని సోర్స్ మాకు ఇవ్వలేదు. చేపల గుంపులు ఆట ఆటకీ చోటు మారతాయని వాళ్లు రాసిచ్చారు, మేం నమ్మాం.

అప్పుడే ఆరు నెలల ట్రైనింగ్ మీద నూకరత్నం చేరింది. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, చేపల వేట చేసుకునే కుటుంబం. వాళ్ల ఇళ్లల్లో డిగ్రీ చదివి ఆఫీసులో కూర్చున్న మొదటి మనిషి తనే. మాట తక్కువ, పని ఎక్కువ. స్కానర్ నేనే నేర్పాను, తన కంప్యూటర్‌లో నేనే పెట్టించాను. ఆరు నెలలు పూర్తయ్యాక ఉద్యోగం ఖాయం చెయ్యాలా వద్దా అన్నది నా మాట మీద ఉంది.

గేము విడుదలకి ముందు ఆఫీసులో అందరం వారం రోజులు ఆడి స్కోర్లు బోర్డు మీద పెట్టాం. అందరికీ పది, పన్నెండు గంపలు వచ్చాయి. నాకు రెండు. నూకరత్నానికి మూడో రోజున అరవై ఒకటి. మర్నాడు అరవై నాలుగు.

గేము కొనుక్కోబోయే హైదరాబాదు కంపెనీవాళ్లు ఆ బోర్డు చూసి, మీ గేముని మీ ఆఫీసులోనే దొంగాట ఆడుతున్నారా అని అడిగారు. రమణ మొహం మాడిపోయింది. "మేడమ్, మీరు చూసి ఏదో ఒకటి తేల్చండి" అన్నాడు.

నేను రాసిన రిపోర్టు

ఆట మొత్తం రికార్డవుతుంది కాబట్టి ఆ రెండు రోజులవీ అందరివీ చూశాను. మిగతావాళ్ల పడవలు దారితప్పిన గొర్రెల్లా అటూ ఇటూ తిరుగుతున్నాయి. నూకరత్నం పడవ బయల్దేరడం, నేరుగా ఒక చోటికి పోవడం, ఆగడం, వల. వల నిండా చేప. మళ్లీ ఇంకో చోటు. ఒక్క వల కూడా వృథా లేదు.

పిలిచి అడిగాను. "చేపలెక్కడున్నాయో నీకెలా తెలుస్తోంది?"

"తెలిసిపోతాది మేడమ్."

"ఎలా తెలిసిపోతుంది? స్కానర్ పెట్టి చూశావా?"

"నేదు మేడమ్."

"మరి?"

తల వంచుకుంది. "సెప్పకూడదు మేడమ్."

ఇరవై ఏళ్లు పరీక్షహాల్లో కాపలా కాసినదాన్ని. తల వంచుకుని చెప్పనన్న పిల్లని చూస్తే జేబులో చీటీ ఉందనే అనిపిస్తుంది. పైగా నేను నేర్పిన విద్యని నా ముందే దొంగతనానికి వాడిందని రోషం వచ్చింది. గుంపులు ఉన్న చోట్లని మెమరీలో చదివి ఆడుతోందని ఒక పేజీ రాసి రమణకిచ్చాను. దాని కింద సంతకం కూడా గట్టిగా పెట్టాను. శనివారం సాయంత్రం రమణ ఆ పిల్లని పిలిచి, సోమవారం నుంచి రావద్దని చెప్పాడు. తను టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, నా బల్ల దగ్గర ఆగి, "ఎల్లొస్తాను మేడమ్" అంది. నేను కంప్యూటర్లోంచి తల ఎత్తలేదు. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

లేని చేపలు

సోమవారం రమణ మామూలు పనే అడిగాడు. ఆ పిల్ల దూరిన కంత ఎక్కడుందో కనిపెడితే మూసేద్దాం అన్నాడు. ఎంతసేపు పని, మధ్యాహ్నానికల్లా ఇస్తానన్నాను.

చేపల గుంపులున్న చోట్ల పట్టీ మెమరీలో ఎక్కడో ఉండాలి కదా. వెతికాను. పడవ నడిపాను, ఆపాను, మారినవి, మారనివి అని విడదీసుకుంటూ వచ్చాను. పడవ ఉన్న చోటు దొరికింది. ఒడ్డు దొరికింది. వలలో చేపల లెక్క దొరికింది. గుంపుల పట్టీ దొరకలేదు. మధ్యాహ్నం పోయి సాయంత్రమైంది. మర్నాడు డీబగ్గర్ పెట్టాను. స్కానర్ అంకె ఎక్కడుందో చెప్తుంది, డీబగ్గర్ ఆ అంకెని ఎవరు రాస్తున్నారో చెప్తుంది. వలలో చేపల లెక్కని రాస్తున్న కోడ్ దగ్గర ఆటని ఆపి, అక్కడినుంచి వెనక్కి ఒక్కో అడుగూ నడిచాను.

నడిచి నడిచి చివరికి చూసిందేమిటంటే, పట్టీ అనేదే లేదు. వల పడిన క్షణంలో మాత్రమే ఇంజిన్ పడవ ఉన్న చోటుని ఒక లెక్కలో వేసి, ఇక్కడ చేప ఉందా లేదా అని తేలుస్తోంది. వల వేయకముందు మెమరీలో చేప ఎక్కడా లేదు. లేనిదాన్ని ఏ స్కానరూ చదవలేదు. ఆ లెక్క విప్పాలంటే డీబగ్గర్ రావాలి. నూకరత్నానికి నేనింకా డీబగ్గర్ నేర్పనేలేదు.

ఇంకొకటి కూడా కనబడింది. ఆ లెక్కలో ఆట ఆటకీ మారవలసిన ఒక అంకె ఉంది. అది మారడం లేదు. ఎప్పుడు ఆడినా అదే అంకె, అంటే చేపలు ఎప్పుడూ ఒకే చోట్ల పడుతున్నాయి. ఇంజిన్ అమ్మినవాళ్ల తప్పు అది. మాలో ఎవరూ గమనించలేదు. ఎందుకంటే నడిసముద్రంలో నీళ్లన్నీ ఒకేలా ఉంటాయి, నిన్న వల వేసిన చోటు ఇదే అని ఎవరికి గుర్తుంటుంది?

నా రిపోర్టు పచ్చి అబద్ధం. నా దగ్గర ఒక్క ఆధారం లేదు, ఒక వంచుకున్న తల తప్ప. స్క్రీన్ మీద కనబడిన అంకెని నమ్మొద్దని ఊరందరికీ చెప్పే నేను, మనిషి విషయంలో అదే చేశాను.

ఎర్రన్న

రమణకి చెప్పేముందు ఆ పిల్లకి చెప్పాలనిపించింది. మర్నాడు సెలవు పెట్టి, లాప్‌టాప్ సంచిలో వేసుకుని, శ్రీకూర్మం దాకా బస్సులోనూ అక్కడినుంచి ఆటోలోనూ వెళ్లాను. నూకరత్నం ఇంటి ముందు వాళ్లమ్మతో కలిసి ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి చేతులు లంగాకి తుడుచుకుని నిలబడింది. వాళ్లమ్మ పలకరించలేదు. పలకరించకపోవడమే న్యాయం.

నిలబడే చెప్పేశాను. "తప్పు నాదమ్మా. నువ్వు దొంగాట ఆడలేదు, ఆ సంగతి నాకిప్పుడు తెలిసింది. ఎలా ఆడావో చెప్పకపోయినా ఫర్వాలేదు. నువ్వు తిరిగి రావాలి."

తను ఏడ్చేసింది. ఆ ఏడుపుకి పక్కన తాటాకుల పాకలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చాడు. వాళ్ల తాత ఎర్రన్న.

"ఏటైనాది? ఎవులీవిడ?"

"మా మేడమ్ తాతా."

"నిన్ను తీసేసినావిడా?"

"ఆవిడే."

ఎర్రన్న నన్ను ఎగాదిగా చూశాడు. "దొంగతనం సేసినాదన్నారట. మా ఇంట్ల దొంగలు లేరమ్మా. ఏదీ, ఆ ఆట ఏటో నానూ సూస్తాను."

పాకలో వల మీదే కూర్చుని లాప్‌టాప్ తెరిచాం. నూకరత్నం పడవ నడిపి ఒక చోట చేప పట్టి చూపించి, ఆట మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఎర్రన్న రెండుసార్లూ నీళ్ల వైపు చూడనేలేదు. బొమ్మలో వెనకాల ఉన్న ఒడ్డు వైపే చూశాడు. మా బొమ్మలు గీసే పిల్లలు ఆ ఒడ్డు మీద సరదాకి ఒక కొండ, ఒక లైట్‌హౌస్, ఒక తాటిచెట్టు, ఒక గుడి గోపురం పెట్టారు. పడవ కదిలితే అవి కూడా ఒకదాని వెనక్కి ఒకటి జరుగుతాయి. ఇన్ని నెలల్లో నేను వాటిని ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇంకాస్త ఎల్లు," అన్నాడు. "ఇంకాస్త. ఆపు. తాటిసెట్టు కొండ నొక్కులోకి వచ్చినాది. ఇప్పుడు గుడి సూడు. గుడి లైటౌసు ఎనక్కి పోవాల, పోనీ... ఆపు. ఇక్కడేనా?"

నూకరత్నం తలూపి వల వేసింది. నిండా చేప.

ఎర్రన్న తొడ చరిచి నవ్వాడు. "ఓలమ్మ! బొమ్మ సంద్రంలో కూడా గుర్తులు కలిపీసినావే గుంటా!"

అప్పుడు చెప్పారు నాకు. ఒడ్డు మీది రెండు వస్తువులు ఒకే వరసలోకి వస్తే ఒక గీత. ఇంకో రెండు కలిస్తే ఇంకో గీత. ఆ రెండు గీతలు కలిసిన చోట కింద రాయి ఉంటుంది, రాయి చుట్టూ చేప ఉంటుంది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పిల్లలకి వచ్చే విద్య. నూకరత్నం మొదటి రెండు రోజులు చేప దొరికినప్పుడల్లా అలవాటు కొద్దీ ఒడ్డు వైపు చూసి గుర్తులు కలుపుకుంది. మూడో రోజుకి పదిహేను చోట్లు నోటికొచ్చాయి. నేను ఇన్ని టూల్స్‌తో రెండు రోజులు కుస్తీ పట్టి తెలుసుకున్న మాట, చేపలు చోటు మారడం లేదన్న మాట, తనకి ఆటలో కూర్చుని చూస్తేనే తెలిసిపోయింది.

"మరి ఆరోజు అడిగితే ఈ మాట చెప్పొచ్చు కదే?" అన్నాను. నాకు మళ్లీ కోపం వచ్చింది, ఈసారి బాధతో.

తను తాత వైపు చూసింది. ఎర్రన్నే జవాబు చెప్పాడు. "గుర్తు బయటోళ్లకి సెప్పకూడదమ్మా. అన్నదమ్ములకి కూడా సెప్పం. సెప్తే రేపు అక్కడ పది పడవలుంటాయి. దాని సిన్నప్పుడు నానే ఒట్టేయించినాను."

"అది నిజం సముద్రం కదా, ఇది గేము కదా!"

"ఒట్టుకి ఏటి తెలుస్తాది మేడమ్, ఏది నిజం సంద్రమో," అంది నూకరత్నం. అని తనకే నవ్వొచ్చి కళ్లు తుడుచుకుంది. అప్పటికి వాళ్లమ్మ నాకు ఒక గ్లాసు టీ తెచ్చి పక్కన పెట్టింది.

టీ తాగుతూ ఒక మాట గట్టిగానే చెప్పాను, మీకూ చెప్తున్నాను. వేటకి వెళ్లేవాడు గుర్తు దాచుకోవాలి. మన పనిలో దొరికిన గుర్తు అదే రోజు చెప్పాలి. ఆటలో లోపం కనిపెట్టి దాచుకున్న టెస్టర్ పని చెయ్యనట్టే. తను కూడా ఒప్పుకుంది. నా తప్పు ముందు అది చాలా చిన్నది, ఆ సంగతీ చెప్పాను.

వెనక్కి తీసుకోవడం

మర్నాడు ఆఫీసులో అందరి ముందూ నా రిపోర్టు నేనే చదివి, ఇందులో ఒక్క వాక్యం కూడా నిజం కాదని చెప్పాను. నాకు గదిలో విడిగా చెప్పుంటే సరిపోయేది కదా మేడమ్ అన్నాడు రమణ. సరిపోదు. దొంగ అన్న మాట పదకొండు మందిలో తిరిగింది, కాదన్న మాట కూడా పదకొండు మందిలో తిరగాలి. రమణ తనే నూకరత్నానికి ఫోన్ చేశాడు. "క్షమించమ్మా, సోమవారం దాకా ఆగొద్దు, రేపే వచ్చేయ్" అన్నాడు. కిట్టు కాల్చేసి పారిపోయిన కుర్రాడు మంచి యజమాని అయ్యాడని ఆ రోజు అనుకున్నాను.

ఇంజిన్‌వాళ్లు తమ తప్పు ఒప్పుకుని ఆ అంకె సరిచేసి పంపారు. చేపలు ఆట ఆటకీ చోటు మార్చడం మొదలుపెట్టాక నూకరత్నం స్కోరు పద్నాలుగుకి దిగింది. అయినా బోర్డు మీద అదే మొదటిది. నా రెండు గంపలు ఒకటికి దిగాయి.

తనకి డీబగ్గర్ నేర్పాను. నేను నెలల్లో నేర్చుకున్నది వారాల్లో పట్టేసింది. తెలియని ప్రోగ్రాము ముందు కూర్చుంటే మొదట ఏ రెండు అంకెలు కలిసి కదులుతున్నాయో చూసేది. మిగతావాళ్లు టూల్ తెరిచేలోపల తను సగం దూరం పోయి ఉండేది. ఇప్పుడు ఆ విభాగం తనదే, కింద నలుగురు ఉన్నారు. ఎవరినైనా అనుమానిస్తే ముందు ఆ దొంగాట మనం ఆడి చూడాలి, మన చేత కాకపోతే నోరు మూసుకోవాలి అన్న నియమం తనే పెట్టింది. అది ఎవరి వల్ల వచ్చిందో పిల్లలకి చెప్పదు. ఆ మర్యాదకి నేను ఋణపడి ఉన్నాను.

నేను ఉద్యోగం మానేసిన రోజున శాలువా కప్పారు, కేకు కోయించారు, రమణ కిట్టు కాల్చిన కథ తనే చెప్పి అందర్నీ నవ్వించాడు. అన్నీ అయ్యాక నూకరత్నం నన్ను బస్టాండు దాకా స్కూటీ మీద దింపింది. శ్రీకాకుళం బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చింది.

"మేడమ్, తాతని అడిగినాను. మీకు సెప్పొచ్చన్నాడు."

"ఏమిటే?"

కిటికీలోంచి తల లోపలికి పెట్టి, నా చెవిలో నాలుగు వస్తువుల పేర్లు చెప్పింది. రెండు ఒక వరస, రెండు ఇంకో వరస. నిజం సముద్రంలో, వాళ్ల కుటుంబం తరతరాలుగా చేపలు పట్టే రాయి ఉన్న చోటు.

"ఎవులికీ సెప్పకండేం," అంది. బస్సు కదిలింది.

ఈ పనిలో నాకు తెలిసినవన్నీ ఇక్కడ రాసేశాను. ఆ నాలుగు పేర్లు మాత్రం రాయను.